ప్లగ్గు మొకం చూసి చెప్పేటోళ్లం

బండి సతాయిస్తున్నదని తీస్కపోతే షోరూముల ఏం చేస్తున్నరో ఎన్నడన్న నిలవడి చూసినవా బిడ్డా? అంగికి నూనె మరక అంటని పోరగాడొకడు వస్తడు. సీటు లేపుతడు. చిన్న డబ్బా అసొంటిది తెచ్చి వైరుకు తగిలిస్తడు. తెర మీద ఏదో నెంబరు పడుతది. అది చూసి, ఇంజనుకు ఒక్కపారన్న చెవి వెట్టకుండనే, 'సెన్సర్ మార్చాలె సార్, పార్టు హైదరాబాదు నుంచి రావాలె' అంటడు. నువ్వు సుత 'సరే సార్' అని తలకాయ ఊపి, ఆటో ఎక్కి ఇంటికొస్తవు. ఇంజను నీది, పెట్రోలు నీది, పైసలు నీయి. లోపట ఏమైందో మటుకు నీకు తెల్వది, వానికి సుత తెల్వది. డబ్బాకే తెల్వాలె.

మా రోజుల్లో గా డబ్బా లేకుండె. పానా ఉండె, ప్లగ్గు పానా. ఆర్మూర్ బస్టాండు తొవ్వల రేకుల షెడ్డు ఏసుకొని నేను బండ్లు బాగుచేసిన కాలంల, గిరాకి వచ్చి 'పికప్పు లేదే', 'పెట్రోలు తాగుతున్నదే' అని మొదలువెట్టంగనే ఆయన మాట సగమే ఇంటుంటి. గిరాకి అబద్ధమాడుతడు. ఇద్దరమే పోయినం అంటడు, ముంగట ఒక పిల్లగాడు, ఎనుక ఇద్దరు, నడుమ ఎరువు బస్తా ఉండి ఉంటది. ప్లగ్గు అబద్ధమాడది. విప్పి, ఎండకు వట్టి, కండ్లద్దాలు పైకి జరిపి చూస్తె చాలు. అప్పుడు నాకు కండ్లద్దాలు లేకుండె అనుకో, మాటకు చెప్తున్న.

జర ఇట్ల కూసో, చెప్త. ఫోను పక్కకు వెట్టు. ఇంజన్ల పెట్రోలు, గాలి కలిసి మండుతయి కద. ఆ మంట నడుమ ఉండి, ప్రతిసారి దాన్ని చూసి, మల్ల తేలికగ మన చేతికి వచ్చేది ఒక్క ప్లగ్గే. పిస్టను చూడాలంటే హెడ్డు విప్పాలె, హెడ్డు విప్పితె గాస్కెట్టు మార్చాలె, పైసల మాట రాంగనే గిరాకి మొకం మాడుతది. ప్లగ్గు అట్ల కాదు. టోపీ గుంజి, పానా వెట్టి తిప్పితె చాయ చల్లారకముందే చేతులకొస్తది. దాని కొసకు తెల్ల పింగాణి, నడుమ ఒక పుల్ల, పక్క నుంచి వంగిన కొక్కెం. ఆ పింగాణి మీద పట్టిన రంగే అసలు సంగతి.

నల్లగ పొడి మసి పట్టి వేలికి అంటుకుంటె పెట్రోలు ఎక్కువ పోతున్నట్టు. నల్లగనే ఉండి జిడ్డుగ, తడిగ ఉంటె టూ స్ట్రోకు బండిల నూనె ఎక్కువ కలిపినట్టు. ఫోర్ స్ట్రోకైతే రింగులు అరిగి నూనె పైకి ఎక్కుతున్నట్టు. బొత్తిగ తెల్లగ ఎండిపోయి, పింగాణి మీద పొక్కులు లేస్తె గాలి ఎక్కువైంది, పెట్రోలు చాల్తలేదు. ఆ తెలుపు మీద సన్నగ మెరిసే చుక్కలు కనవడ్డయా, ఇగ బండిని తోసుకుంటనే ఇంటికి పోవాలె. అవి పిస్టను నుంచి కరిగి వచ్చిన అల్యూమినియం. ఇటుక పొడి రంగు, లేదంటె పాలు తక్కువ వోసిన కాఫీ రంగు ఉన్నదనుకో, అన్నీ సక్కగున్నట్టు. ఒక కిలో పెట్రోలు పూర్తిగ మండాలంటె 14.7 కిలోల గాలి కావాలని పుస్తకాలల్ల ఉంటది. మా దగ్గర తూకం ఏడిది? కాఫీ రంగు వచ్చిందంటె తూకం కుదిరిందన్నట్టే.

గిది బడిల చెప్పే సదువు కాదు. నిజామాబాద్ యార్డుల పసుపు కొనేటోడు కుప్పల నుంచి ఒక కొమ్ము తీసి, పటుక్కున విరిచి, లోపటి రంగు చూసి ధర పలుకుతడు సూడు, అసొంటి విద్యనే. ఎండింది ఎంత, ఉడికింది ఎంత, పచ్చి ఉన్నదా, పుచ్చు పట్టిందా, అంతా ఆ విరిగిన కాడ రాసి ఉంటది. మా ఆర్మూర్, బాల్కొండ దిక్కు రైతులు తొమ్మిది నెలలు పంట కాసి, జనవరి నుంచి తవ్వి, ఇనుప కడాయిలల్ల ఉడకవెట్టి, ఎండవోసి, డ్రమ్ములల్ల తిప్పి మెరుగు తీసి మార్కెటుకు తెస్తుండిరి. ధర గిట్టకపోతె మహారాష్ట్రల సాంగ్లి దాంక తీస్కపోయేటోళ్లు. ఇప్పుడు ఉడకవెట్టనీకి ఆవిరి బాయిలర్లు వచ్చినయి. కర్కుమిన్ ఎంత శాతమున్నదో మిషిని చూసి కాగితం మీద రాసిస్తున్నదట. 2019ల ధర కోసం, పసుపు బోర్డు కోసం మావోళ్లు పార్లమెంటు ఎన్నికలల్ల నామినేషన్లు ఏస్తె నిజామాబాద్ సీటుకు 185 మంది అభ్యర్థులైరి. ఒక్కొక్క పోలింగు కాడ డజను ఓటు మిషిన్లు వరుసగ పెట్టాల్సొచ్చె. బోర్డు 2025 సంక్రాంతి నాడు వచ్చింది. మంచిదే. కొమ్ము విరిచి చూసేటోనికి మటుకు బోర్డుల నౌకరి ఇయ్యరు. ఏం చెప్పుకుంటొచ్చిన? ఆఁ, ప్లగ్గు.

ఒట్టిగ విప్పి చూసుడు పని కాదు. ఎప్పుడు విప్పిన, ఎట్ల నడిపి విప్పిన అన్నది ముఖ్యం. పొద్దుగాల చోకు గుంజి స్టార్టు జేసి, ఇంటి ముంగట పావుగంట గుడగుడమనిపిచ్చి విప్పితె ఏ ప్లగ్గైన నల్లగనే ఉంటది. కొత్త మెకానిక్కులు దాన్ని చూసి బుగులు వడి కార్బెటరుల పెట్రోలు వదిలే జెట్టు మారుస్తరు. మేము ఏం చేస్తుంటిమంటె, ఇంజను మంచిగ వేడెక్కినంక కొత్త ప్లగ్గు ఏసి, పెర్కిట్ దాటి బాల్కొండ దిక్కు పోయే సడక్ ఎక్కుతుంటిమి. ఇప్పుడు దాన్ని 44 నెంబరు అంటున్నరు, బోర్డు సుత రాసిండ్రు. మాకు అది ఏడో నెంబరే. అప్పుడు రెండు లైన్ల తొవ్వ, ఎడమదిక్కు చింతచెట్లు, ఎదురుంగ నాగపూరు లారీలు. పూర్తిగ రేసు ఇచ్చి కొంత దూరం లాగి, ఆ జోరు మీదనే ఒక్కపారి క్లచ్చు పట్టి, స్విచ్చు బందు చేసి, బండిని దానంతట దాన్ని పక్కకు పోనిస్తుంటిమి. అట్ల చేస్తె ఫుల్ రేసుల ఉన్నప్పటి రంగే ప్లగ్గు మీద ఉంటది. నిమ్మళంగ నడుపుకుంటొచ్చి విప్పితె ఆ రంగు మీద మసి పూత పడుతది, అసలు సంగతి మాసిపోతది. సడక్ పక్క కూసొని కాలుతున్న ప్లగ్గును బట్టల పట్టుకొని తిప్పి తిప్పి చూస్తుంటె, లారీ డ్రైవర్లు బ్రేకులు ఏసి 'క్యా హువా ఉస్తాద్' అని అడిగేటోళ్లు. ఉస్తాద్! ఇప్పుడు నన్ను ఆ మాట అనేటోడు లేడు. 'అంకుల్, సైడు' అంటున్నరు.

అట్ల చూసిన రంగు మెయిన్ జెట్టు సంగతి చెప్తది. సగం రేసుల నడిపి చూస్తె నీడిలు సంగతి. ఊరికె నిలవడి ఆడేటప్పుడు స్లో జెట్టు, గాలి స్క్రూ సంగతి. మోటరు సైకిలు కార్బెటర్ల నీడిలుకు పైన గాడులుంటయి, ఒక గాడిల చిన్న క్లిప్పు. క్లిప్పును కింది గాడికి దించితె నీడిలు పైకి లేస్తది, పెట్రోలు పెరుగుతది. పై గాడికి ఎక్కిస్తె తగ్గుతది. ఇగ స్క్రూ సంగతి అడగకు. కొన్ని బండ్లకు లోపటికి తిప్పితె పెట్రోలు పెరుగుతది, కొన్నింటికి తగ్గుతది. అది గాలి తొవ్వల ఉన్నదా పెట్రోలు తొవ్వల ఉన్నదా అనే దాని మీద ఆధారం. ఏ బండికి ఏదో తెల్వకుండ తిప్పేటోన్ని నేను షెడ్డు గడప తొక్కనియ్యకపోతుంటి. పని నేర్సుకునే పోరగాండ్లకు మొదలు నూనె తుడిచే పని, తర్వాత ప్లగ్గు కడిగే పని, ఆ తర్వాతనే స్క్రూడ్రైవరు. వాళ్లు కార్బెటరు విప్పేసరికి మీసాలొస్తుండె. ఇప్పుడు ఫోన్ల వీడియో చూసి తిన్నంక విప్పుతరు, పండేముందు ముక్కలు బుట్టల ఏసుకొని నా ఇంటికొస్తరు.

కాలాన్ని బట్టి సుత కుదురు మారాలె. మా నిజామాబాద్ ఎండలు తెలిసిందే కద, మే నెలల 44, 45 డిగ్రీలు. వేడిగాలి పల్చగ ఉంటది, అదే పెట్రోలుకు గాలి తక్కువ పడుతది, ప్లగ్గు నలుపు తిరుగుతది. సంక్రాంతి చలికి గాలి చిక్కవడుతది, ప్లగ్గు తెల్లవడుతది. గందుకే ఎండకాలం ముందు ఒకపారి, చలి ముందు ఒకపారి జర స్క్రూ ముట్టుకునేది ఉండె. ఇగ పసుపు సీజనుల వచ్చే బండ్ల కథే వేరు. మెరుగు తీసే డ్రమ్ముల కాడ నిలవెట్టి నిలవెట్టి, ఫిల్టరు విప్పితె పసుపు దుమ్ము రాలుతుండె. గాలి ఆడక ప్లగ్గు మసి. జెట్టు మార్చేది లేదు, ఏమి లేదు, ఫిల్టరు పెట్రోలుల కడిగి పెట్టుడే. కాని రైతు అప్పుడే పసుపు అమ్మి వచ్చిండు, జేబు నిండ ఉన్నది, 'ఇంజను బోరు చేయమంటవా ఉస్తాద్' అని ఆయనే అడుగుతడు. అవసరం లేకున్న బోరు చేసిన మెకానిక్కులు ఊర్ల ఉండిరి. నేనెవల పేరు చెప్ప.

అన్నిటికంటె ఎక్కువ లొల్లి కిరసనాయిలుతోని. కంట్రోలు దుకాణాల కిరసనాయిలుకు నీలి రంగు కలిపేటోళ్లు, పెట్రోలుల కలిపితె పట్టుబడాలని. అయినా కలిపేటోడు కలుపుతుండె. సీసల పోసి చూస్తె కండ్లకు ఆనకపోవచ్చు గాని ప్లగ్గుకు ఆనుతది. ఊర్లున్న బండ్లన్నీ ఒక్క వారంల మసి ప్లగ్గులు తెచ్చి, ఇంజను టకటక కొట్టుకుంటున్నదంటె తప్పు కార్బెటర్లది కాదని తెలుస్తది. ఒక బడిపంతులు సారు ఉండె, గీత గీసినట్టు నడిచే మనిషి. ఆయన నల్లవడ్డ ప్లగ్గును కాగితంల చుట్టుకొని సీదా పెట్రోలు బంకుకు పోయి టేబులు మీద పెట్టిండు. బంకాయన చూసి 'మీ మెకానిక్కుకు పని రాదు సారూ' అన్నడట. సారు తెల్లారి నా దగ్గరికొచ్చి, నా మొకం దిక్కు చూడకుండ, 'ఇంకో కొత్త ప్లగ్గు పెట్టు, వేరే ఊర్ల పెట్రోలు పోయించుకొని చూస్త' అన్నడు. నిజామాబాద్ పోయి పోయించుకొని వచ్చిండు. కాఫీ రంగు! ఆ ప్లగ్గును సుత అదే కాగితంల చుట్టుకొని మల్ల బంకుకు పోయిండు. గసొంటి మనుషులు ఇప్పుడున్నరా? ఉంటె ఫోన్ల నక్షత్రాలు తక్కువ ఇచ్చి ఊకుంటరు.

ప్లగ్గు కంపెనీ అంటె మాకు మైకో. 1902ల జర్మనీల బాష్ దగ్గర పనిచేసే గొట్లోబ్ హోనోల్డ్ అనే ఇంజనీరు పెద్ద కరెంటు పుట్టించే మాగ్నెటో, దానికి సరిపోయే ప్లగ్గు తయారుచేసిండు. ఆ బాష్ వాళ్ల కంపెనీయే 1951ల బెంగుళూరుల మైకో పేరుతోని వచ్చింది. 2008ల పేరు మార్చి బాష్ అనుకున్నరు. అనుకోనీ. నేను ఇప్పటికి దుకాణంల పోయి మైకో ప్లగ్గు ఇయ్యమనే అడుగుత, దుకాణపాయన కొడుకు నన్ను ఎగాదిగా చూస్తడు. ప్రతి బజాజ్ చేతక్ స్కూటరు డిక్కిల ఒక స్పేరు ప్లగ్గు, ఒక పానా, ఒక గరుకు కాగితం ముక్క ఉండాల్సిందే. టూ స్ట్రోకుల నూనె మసి నడుమల పేరుకొని పుల్లకు కొక్కానికి అంటుకుంటె 'ప్లగ్గు షార్టైంది' అనేది. కరెంటు దుంకది, బండి నిలవడుతది. విప్పి, అగ్గిపెట్టె పక్క గరుకుతోని రుద్ది, సందు సరిచేసి, మల్ల బిగిచ్చి, స్కూటరును పక్కకు వంచి కిక్కు కొడ్తె లేస్తది. సందు కొలిచేదానికి హాక్సా బ్లేడు ముక్క. అది సందుల ఇమిడి జర పట్టినట్టుంటె కొలత కుదిరినట్టే, 0.6 మిల్లీమీటర్లకు అటీటు. గీ విద్య ఇంటింటి మొగోనికి వస్తుండె. పెండ్లాం పట్టు చీర కట్టుకొని సడక్ పక్క నిలవడి, 'ఇంకెంతసేపు, అక్షింతలు పడుతున్నయి' అని ఒర్రుతుంటె ప్లగ్గు గోకిన మొగోడు మా తరంల లేడు. పెండ్లికి పోయేసరికి భోజనాలు అయిపోతుండె. అయినా అదొక సంబురం.

ప్లగ్గులల్ల వేడివి, సల్లయి అని ఉంటయి, అది సుత మీకు తెల్వది. ప్లగ్గు కొస సుమారు 450 డిగ్రీలకు పైన వేడెక్కితెనే తన మీది మసిని తానే కాల్చుకుంటది. 850 దాటిందా, కరెంటు దుంకకముందే ఆ ఎర్రవడ్డ కొస మంట అంటిస్తది, పిస్టనుకు బొక్క పడుతది. ఊర్లనే తిరిగే లూనా బండికి వేడి నిలిపే ప్లగ్గు, దినాం నిజామాబాద్ పోయి వచ్చే రాజ్‌దూతుకు వేడి తొందరగ వదిలే ప్లగ్గు. అందరికి ఒక్కటే పెడ్తనంటె కుదరది. ఒక సేటుకు రెండు ప్లగ్గులు అమ్మితి, పండుగలకు ఊరికి పోయేటప్పుడు ఒకటి, బజార్ల తిరిగేటందుకు ఒకటి. ఆయన ఖుషీగ మార్చుకుంటుండె. నాకు సుత ఖుషీనే, రెండు అమ్ముడువోయినయి కద.

బండ్లు ఎన్ని తీర్లుండె అప్పుడు. 1972ల వచ్చిన చేతక్ కోసం పేరు రాయించుకొని దేశమంత ఏండ్ల తరబడి ఎదురుచూసింది. బిడ్డ పుట్టినప్పుడు రాయిస్తె అల్లునికి అందుతదని నవ్వుకునేటోళ్లం. ఇగ యెజ్డీ, మైసూరుల తయారయ్యేది, 1996ల ఆ ఫ్యాక్టరీయే మూతవడె. బుల్లెట్టు ఉంటె పోలీసాయననో, పటేలో. 1985ల ఆర్‌ఎక్స్ వంద వచ్చినంక, దుబాయి పోయొచ్చిన పోరలంత దాని మీదనే. ఒక్కొక్కదాని ప్లగ్గు ఒక్కొక్క తీరు రంగు పడుతుండె; నూనె ఎంత కలుపుతరు, ఎట్ల నడుపుతరు, ఆఖరికి ఏ సైజు మనిషి ఎక్కుతడు, అన్నీ లెక్కనే. బజాజుకు లీటరుకు 20 మిల్లీల నూనె చాలంటె మావోళ్లు 'ఇంజను సల్లగుంటది' అని ఇంకో మూత ఎక్కువ పోసేటోళ్లు. ఎనుక పొగ. ముందటి బండి పోయినంక ఐదు నిమిషాల దాంక బజారు కనవడకపోయేది. ఇప్పుడు చెప్తె మనుమరాలు ముక్కు మూసుకుంటది. నిజమే, గాలి బాగలేకుండె, దగ్గుతుంటిమి. ఆ వాసన వస్తె ఇప్పటికీ నాకు ఆకలైతది.

రంగు చదువుడు కష్టమైంది సుత మా కాలంలనే. పెట్రోలుల సీసం కలిపినన్నాళ్లు దాని మండిన బూడిద పింగాణి మీద మంచి గోధుమ రంగు పట్టేది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంత సీసం లేని పెట్రోలే. అది మండితె పింగాణి మీద అంత పట్టది, చానసేపు తెల్లగనే ఉంటది. పాత కండ్లతోని చూసినోడు 'అయ్యో, గాలెక్కువైంది' అని పెట్రోలు పెంచుతుండె. మేము పింగాణి అడుగున, ఇనుప అంచు దగ్గర పట్టే సన్నటి ఉంగరం చూసుడు నేర్సుకున్నం, కొక్కెం వంపు మీద వేడికి రంగు మారిన గీత ఎక్కడిదాంక వచ్చిందో చూసుడు నేర్సుకున్నం. సీసం పిల్లల బుర్రలు పాడుచేస్తదని తీసేసిండ్రు, చేసింది మంచి పనే. బుర్రలు మిగిలిచ్చినంక ఆ బుర్రలతోని ఫోన్లు చూస్తున్నరు, అదే నా బాధ.

ఆఖరికి 2020 ఏప్రిల్ ఒకటి. పొగకు బీఎస్ ఆరు రూలు అన్నరు. కార్బెటర్ల పొద్దు గూకింది. ఇప్పుడు ఇంజన్ల పెట్రోలు సూదితోని చిమ్ముతరు, సైలెన్సరుల సెన్సరు కూసొని పొగల ఆక్సిజన్ ఎంత మిగిలిందో చూస్తది, ఆ లెక్క కంప్యూటరుకు చెప్తది, కంప్యూటరు పెట్రోలు పెంచుతది, తగ్గిస్తది. నేను ప్లగ్గుల చూసిన సంగతినే అది పొగల చూస్తున్నది, అంతే. నేను పూటకు ఒక్కపారి చూస్తె అది కన్ను మూసి తెరిచేలోపు ఎన్నోసార్లు చూస్తది. ఇగ దానికి నా అవసరమేంది? చలి పొద్దున నా మనుమని బండి ఒక్క బటను వత్తుడుతోని లేస్తది, చోకు లేదు, వంచుడు లేదు. నా కుడి మోకాలు కిక్కులు కొట్టి కొట్టి అరిగింది. గందుకే అంగడికి పోవాల్నంటె వాడు పండుకున్నంక ఆ బండే తీస్కపోత. చేతక్ పేరు మీద బజాజోళ్లు ఇప్పుడు కరెంటు బండి అమ్ముతున్నరు, 2020ల వచ్చింది. దానికి ప్లగ్గే లేదు. గోడకు గుచ్చే ప్లగ్గు ఉన్నదని మనుమడు నవ్వుతడు. నా ముంగట నవ్వకు అన్న.

మా ఇంటామెకు ఇదంత అక్కరలేదు. 'ప్లగ్గు మొకం చూసి అన్నీ చెప్తవు, నా మొకం చూసి జరమొచ్చిందని ఒక్కనాడన్న చెప్పినవా' అంటది. ఆమె మొకం ఎప్పుడు కాఫీ రంగే, నేనేం చెయ్యాలె.

అయితె కార్బెటరు సచ్చిందనుకోకు. కొత్త బండి ధర పెట్టి పాత ఆర్‌ఎక్స్ వంద కొంటున్నరు పోరగాండ్లు, చప్పుడు కోసం. సైలెన్సరు కోసి, జాలీ తీసేసి, గాలి పెరిగినంక జెట్టు మార్చాలనే సోయి లేకుండ సడక్ మీద లాగుతున్నరు. అండ్ల ఇప్పటి పెట్రోలు. ఇరవై శాతం ఇథనాల్ కలుపుతున్నరు. ఇథనాల్‌కు మండనీకి తొమ్మిది వంతుల గాలే చాలు, పెట్రోలుకు పద్నాలుగున్నర దాటి కావాలె. పాత కార్బెటరు జెట్టు ఒట్టి పెట్రోలు కోసం చేసింది, ఇప్పుడు కలిసొచ్చిన దాన్ని అదే బొక్కలనుంచి వదులుతది, గాలి ఎక్కువైపోతది. సెన్సరున్న కొత్త బండి సరిచేసుకుంటది. కార్బెటరు బండికి ఎవలు చెప్తరు? ప్లగ్గే చెప్తది, తెల్లవడి. ఆ పోరగాండ్లకు చూసే ఓపిక లేదు. ఇంజను పట్టేసినంక, బండిని ట్రాలీల ఏసుకొని నా గేటు కాడ దించి, 'తాతా, ఊర్ల నువ్వొక్కనివే ఉన్నవట' అంటరు. తిడ్త. చాయ తాగిపిస్త. విప్పుత.

ఇంకొకటి ఉన్నది, అది బండి కాదు. పసుపు, మక్క చేన్లల్ల మందు కొట్టే తైవాన్ పంపు. భుజానికేసుకునే ఆ పంపుల టూ స్ట్రోకు ఇంజను, చిన్న కార్బెటరు, వేలంత ప్లగ్గు, అన్నీ నా పాత సామాన్లే. నెల రోజులు మూలకు పడేసి తీస్తె లేవది. రైతు తాడు గుంజి గుంజి అలసిపోయి, ఇంజనీరింగు సదివిన కొడుకును పిలుస్తడు, కొడుకు కొత్తది ఆర్డరు పెడ్దామంటడు. ఏం ఆర్డర్ర నాయనా! మీ ఇంట్ల ఆ పంపుంటె నేను చెప్పేది విను. ఇంజను పూర్తిగ సల్లారినంకనే ప్లగ్గు విప్పు, వేడి మీద విప్పితె అల్యూమినియం మరలు చెడుతయి. తడిగుంటె తుడిచి ఎండవెట్టు, మసి ఉంటె మొదలు ఫిల్టరు కడుగు, స్క్రూ జోలికి పోకు. తెల్లగుంటె కార్బెటరు జెట్టుల చెత్త పడ్డది, గాలితోని ఊదు, తీగె మటుకు దూర్చకు, ఇత్తడి బొక్క పెద్దగైతది. బిగిచ్చేటప్పుడు మొదలు చేత్తోని తిప్పు, ఆఖరికే పానా. ప్లగ్గు పానా లేకపోతె నా దగ్గర ఉన్నది, వచ్చి తీస్కపో. మల్ల మాపటికల్ల తెచ్చియ్యాలె, ముందటిది ఒకడు తీస్కపోయి ఇంకా తేలేదు.